ఖాళీ ఇంట్లో కునుకు

మొన్న శనివారం ఒకమ్మాయి మా వాటా చూడడానికి వచ్చింది. చూడడానికి కాదు, వీడియో తీయడానికి అనాలి. చేతిలో ఫోను, ఆ ఫోనుకి ఒక కర్ర. నెలాఖరుకి ఖాళీ చేస్తున్నానని నేను చెప్పాను కనుక ఇంటివాళ్ళు పంపించారు. వచ్చీ రావడంతోనే గది గదికీ కర్ర తిప్పింది. ప్లగ్గులెన్ని ఉన్నాయి, నీళ్ళు ఎప్పుడొస్తాయి, కిటికీలోంచి బొమ్మల గోడ కనపడుతుందా అని మూడు ప్రశ్నలడిగి నాలుగు నిమిషాల్లో మెట్లు దిగిపోయింది. మర్యాదగానే మాట్లాడింది పాపం, తప్పు పట్టడానికేం లేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. ఇల్లు చూడడమంటే అది కాదమ్మా అని వెనకాలే వెళ్ళి చెప్పాలనిపించింది. చెప్పలేదు. చాప పరుచుకుని కిటికీ కింద పడుకున్నాను. పడుకోగానే ఆయన గుర్తుకొచ్చాడు.

ఇల్లు చూడడం నాకు నేర్పింది ఆయనే. ఏ ఇల్లయినా సరే, ముందు అందులో తను ఒక కునుకు తీయనిదే ఇంకొకరికి చూపించేవాడు కాదు.

మా వీధి శ్రీకాకుళంలో నాగావళికి దగ్గరలో ఉంది. పూర్వం నూనె మిల్లుల వీధి అనేవారు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, వాటి యజమానులు విశాఖపట్నమో హైదరాబాదో వెళ్ళిపోయారు, మేడలకి తాళాలు పడ్డాయి. చాలాకాలం ఆ వీధిలోకి మేకలు తప్ప ఎవరూ వచ్చేవారు కాదట. తరువాత ఎవరో కుర్రకారు వచ్చి ఒక మిల్లు గోడ మీద పెద్ద బొమ్మ వేశారు. ఇంకొకరు పక్క గోదాములో కాఫీ పెట్టారు. దాని పక్కన బొమ్మల ప్రదర్శన పెట్టే హాలు, ఆ పైన డాన్సు నేర్పే గది, ఎదురుగా చేపల హోటలు. ఇప్పుడు ఆదివారం నాడు అరసవల్లి దర్శనం చేసుకున్నవాళ్ళు సగంమంది తిరుగుదారిలో ఇటు వస్తారు. ఆటోవాళ్ళు బొమ్మల వీధి అంటారు. కాఫీలవాళ్ళు వీధికి వేరే ఇంగ్లీషు పేరు పెట్టారు గానీ అది బోర్డు మీదే ఉండిపోయింది.

నేను వచ్చేనాటికి ఈ సందడి సగమే మొదలైంది. నాది డ్రాయింగు టీచరు ఉద్యోగం, ఊరు రాజాం. పిల్లలకి మామిడికాయలూ జెండాలూ వేయించీ వేయించీ విసుగెత్తిపోయి, బొమ్మలున్న వీధిలో ఉంటే నాకూ ఏదో ఒక బొమ్మ వస్తుందని ఆశ పడ్డాను. ఒంటరి ఆడమనిషికి ఇల్లు దొరకడం ఎంత కష్టమో తెలిసే బయలుదేరాను. మీవారేం చేస్తారనేది మొదటి ప్రశ్న, చుట్టాలెవరైనా వస్తుంటారా అనేది రెండోది. చేపల హోటలు నడిపే పోలమ్మని అడిగితే, "ఇళ్ళ సంగతి తాళాల మావకి తెల్సు. కూకో అప్పా, వస్తాడు" అంది. పోలమ్మది భావనపాడు, అక్కని అప్ప అంటుంది. సముద్రం మీది గాలికి కేకలేసి మాట్లాడడం అలవాటైన మనిషి, పక్కనే కూర్చున్నా అలాగే మాట్లాడుతుంది.

ఆయన వచ్చాడు. సన్నగా, పొట్టిగా, చంకలో నల్ల గొడుగు. నడుముకి ఒక నూలుతాడు, దానికి గుత్తులు గుత్తులుగా తాళంచెవులు. వాటి మీద పేర్లు గానీ అంకెలు గానీ లేవు. గొడుగు తెరిచి నేనెప్పుడూ చూడలేదు. ఎండలో కూడా చంకలోనే ఉండేది. నా ఉద్యోగం గురించి అడగలేదు, మొగుడి గురించి అడగలేదు. నా మొహం కాసేపు చూసి, "నిద్ర బాగా పడతాదా అమ్మా మీకు?" అని అడిగాడు.

నాకు నిద్ర పట్టి రెండేళ్ళయింది. ఆ మాట ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి అడిగేసరికి తల అడ్డంగా ఊపాను.

"అయితే ఆ మేడ మీద వాటా సూద్దాం," అన్నాడు.

మెట్లెక్కి తలుపు దగ్గర ఆగి మూడుసార్లు తట్టాడు. కొంచెం దగ్గాడు. తాళం వేసి ఉన్న ఇల్లు, లోపల ఎవరుంటారు? నేను అదే అడిగాను. "ఎవలూ నేరు. అయినా సెప్పకుండా ఎల్తే బెదిరిపోతాది," అన్నాడు. ఎవరు బెదిరిపోతారో చెప్పలేదు. చేతిని గుత్తిలో పెట్టి, చూడకుండానే ఒక తాళంచెవి పట్టుకుని తీశాడు. లోపలికి వెళ్ళాక గదుల కొలతలు చెప్పలేదు, గాలీ వెలుతురూ అని వర్ణించలేదు. కిటికీ కింద ఒకచోట కాలితో చూపించాడు.

"ఇల్లంతా ఒకేలాగ నిద్ర పట్టదమ్మా. ఈ ఇంటికి నిద్ర ఇక్కడున్నాది. వంటింటి పక్క గదిలో తొంగుంటే ఎవలో పిలిసినట్టుంటాది, మెలకువ వచ్చేస్తాది. ఇక్కడ అలగ కాదు. ఇక్కడ తొంగుంటే నీళ్ళు కల్లోకొస్తాయి."

"ఏం నీళ్ళు?"

"అది మనిషిని బట్టి. నాకు ఏరు వస్తాది."

తొంగోడమంటే మా వైపు పడుకోవడం. ఆయన నోట ఆ మాట వింటే చాలు, కళ్ళు బరువెక్కేవి. చాప లేదు, దిండు లేదు. ఒక తువ్వాలు పరిచి, "ఓ గంట సూడండి. నాను కింద ఉంటాను," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. పరాయి ఇంట్లో, పట్టపగలు, కటిక నేల మీద నేను పడుకోవడమేమిటి అనుకుంటూనే కూర్చున్నాను. కూర్చున్నదాన్ని ఒరిగాను. లేచేసరికి గోడ మీద ఎండ పచ్చబడింది. కలలో మా ఊరి చెరువు కాదు, నేనెప్పుడూ చూడని ఏదో పెద్ద నీరు, దాని మీద నా స్కూలు పిల్లలందరూ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వెళుతున్నారు. మెట్లు దిగి ఆయనకి చెప్పాను. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు.

"అయితే ఈ ఇల్లు మీదే. బేగి పాలు పొంగించుకోండి."

పాలు పొంగించడం దగ్గర ఆయనకి పట్టుదల ఎక్కువ. కొత్తింట్లోకి వెళ్ళేటప్పుడు పాలు పొంగిస్తాం, అది అందరూ చేసేదే. కాఫీ హోటలు పెట్టినా, బొమ్మల హాలు పెట్టినా, డాన్సు బడి పెట్టినా ఆయన చేతి మీదుగా తాళంచెవి తీసుకున్నవాళ్ళు పొంగించి తీరాలి. కాఫీ అబ్బాయి కరెంటు పొయ్యి తెచ్చుకున్నాడు. పాలు పొంగబోయే సమయానికి ఆ పొయ్యి కూత పెట్టి దానంతటదే ఆగిపోతుంది. నాలుగుసార్లు పెట్టాడు, నాలుగుసార్లూ ఆగిపోయింది. ఆయన పక్కన నిలబడి, "దానికి బయం, పొంగనివ్వదు," అని పోలమ్మ హోటలు నుంచి గ్యాసు పొయ్యి మోయించుకొచ్చాడు. పాలు పొంగి గట్టు మీదుగా కారాకే తాళంచెవి ఆ అబ్బాయి చేతిలో పెట్టాడు.

ఇచ్చాక ఆ ఇంట్లో ఆయన మళ్ళీ అడుగుపెట్టడు. పిలిచినా రాడు. అరుగు మీద కూర్చుంటాడు, అక్కడికే మంచినీళ్ళు తెమ్మంటాడు. "పాలు పొంగినాక అది మీ ఇల్లు. అందులో ఇంకోల నిద్ర పనికిరాదు," అనేవాడు. ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. ఆయన శాస్త్రం ఆయనది.

అది శాస్త్రంగానే ఉండిపోతే నేను ఇంతగా తలుచుకునేదాన్ని కాదు. ఆయనకి ఇల్లు లేదు. సొంతిల్లూ లేదు, అద్దె ఇల్లూ లేదు. తాళాలు పడిన ఇళ్ళని చూసుకోమని యజమానులు తాళంచెవులు ఇచ్చారు కదా, రోజూ చీకటిపడే వేళకి ఒక్కొక్క ఇంట్లో దీపం పెట్టి, ఊడ్చి, ఆ రోజుకి ఏ ఇల్లు రమ్మంటే ఆ ఇంట్లో పడుకునేవాడు. ఇల్లు రమ్మనడం అనేది ఆయన మాటే. ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేకపోతే అరిష్టమని యజమానులూ సరేననుకున్నారు. వీధిలో పదిళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు ఆయన పదిళ్ళ ఆసామి. ఒక ఇల్లు అద్దెకి వెళితే ఒక పడక తగ్గింది. అద్దెకి ఇప్పించేది మళ్ళీ ఆయనే. ఈ సంగతి నేను దిగిన వారానికే పోలమ్మ చెప్పింది. నేను తీసుకున్న వాటాలో ఆయన ఎండాకాలాలు గడిపేవాడట. నిద్ర కిటికీ కింద ఉందని ఊరికే తెలియలేదు.

ఆ మాట విన్నాక నాకు మనసులో ముల్లు దిగింది. ఒక సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే దగ్గరికి వెళ్ళి అడిగాను.

"బాబాయిగారూ, వంటింటి పక్క గది నాకు అక్కర్లేదు. మీరు అందులో ఉండండి."

"పాలు పొంగినాయి కదమ్మా."

"నేనే కదా పొంగించింది. నేనే ఉండమంటున్నాను."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వితే పెదవులు కదిలేవి కావు, కళ్ళు మూసుకునేవాడు. "నాకు ఒకల ఇంట్లో నిద్ర పట్టదు టీచరుగారూ. ఎవల్దీ కాని ఇల్లు కావాల. గోడలు ఎవల గురించీ ఆలోచించకుండా ఉండాల." ఆ తరువాత నేనెన్ని చెప్పినా చెవినేసుకోలేదు, ఎదురుగోడ మీద కొత్తగా వేస్తున్న కొంగల బొమ్మ గురించి మాట్లాడాడు. కొంగల కాళ్ళు పొడుగైపోయాయని ఆయన అభిప్రాయం.

ఏ ఇంటి కల ఏమిటో ఆయనకి తెలుసు. బొమ్మల హాలుగా మారిన పాత గోదాములో పడుకుంటే చనిపోయినవాళ్ళు భోజనానికి వస్తారట. భయపడాల్సిందేమీ లేదు, తిని వెళ్ళిపోతారు. డాన్సు బడి గదిలో పడుకుంటే కాళ్ళు బరువెక్కి కొండ ఎక్కుతున్నట్టు ఉంటుందట. చివరి మేడలో ఎప్పుడూ పెళ్ళి కల. పెళ్ళికూతురు ఎవరో తెలియదు గానీ తనే పందిరి వేస్తుంటాడు. నేను ఇవన్నీ విని నా గదిలో కూర్చుని బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. రెండేళ్ళుగా రాని గీత వచ్చింది. నీళ్ళ మీద నడిచే పిల్లల బొమ్మ బొమ్మల హాల్లో పెట్టారు కూడా. ఆయన్ని చూడమని పిలిస్తే లోపలికి రాలేదు. గుమ్మం బయట నిలబడి మెడ సాచి చూసి, "అందులో సెప్పులు బాగున్నాయి," అన్నాడు. నా జీవితంలో నాకొచ్చిన మెచ్చుకోళ్ళు అంత ఎక్కువ కాదు కనుక ఇది ఇక్కడ రాసుకుంటున్నాను.

మా వీధి పేరు బయటకి పాకింది. వారానికొకరు ఇల్లు కావాలని రావడం మొదలుపెట్టారు. ఐస్‌క్రీములు, పుస్తకాలు, మట్టిబొమ్మలు, విశాఖపట్నం నుంచి వచ్చి సినిమాలు తీసేవాళ్ళు. ఆయన ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, పడుకోబెట్టి, కల అడిగి, పాలు పొంగించి తాళంచెవి ఇచ్చేవాడు. నూలుతాడుకి గుత్తులు తగ్గుతూ వచ్చాయి. ఒక ఉగాది వెళ్ళేసరికి రెండే మిగిలాయి. ఒకటి చివరి మేడది. అదీ వెళ్ళిపోయింది, తినుబండారాలవాళ్ళు తీసుకున్నారు. మిగిలింది పోలమ్మ హోటలు వెనకాల కాటా గది ఒక్కటే. మిల్లు నడిచే రోజుల్లో నువ్వుల బస్తాలు తూచిన గది అది. ఒక తలుపు, ఒక కిటికీ, పైన రేకులు. నువ్వుల నూనె వాసన ఇంకా గోడల్లో ఉంది.

"ఇది కూడా ఎల్లిపోతే మావ ఎక్కడ తొంగుంటాడు అప్పా?" అని పోలమ్మ చేపలు కడుగుతూ అడిగింది. ఆరోజు ఆమె కేకలేయలేదు. మామూలు గొంతుతో అడిగింది కాబట్టి నేను భయపడ్డాను.

మేమిద్దరం ఒక పని చేశాం. ఆ గది యజమానికి ఫోను చేసి, గది మేమే అద్దెకి తీసుకుంటాం, కానీ ఆయనకి చెప్పొద్దు, ఎప్పటిలాగే దీపం పెట్టుకోమనండి అన్నాం. యజమానికి నవ్వొచ్చింది గానీ ఒప్పుకున్నాడు. అనుమానం రాకూడదని ఇంకో మాట కూడా మేమే నేర్పించాం. "మంచివాళ్ళెవరైనా వస్తే చూడు, తొందరేం లేదు" అని ఆయనతో అనమన్నాం. ఖాళీ ఇల్లు ఎవరూ ఊరికే వదిలెయ్యరు కదా, అలా అంటేనే సహజంగా ఉంటుందని మా తెలివి. నా తెలివే అనాలి. పోలమ్మ ఆ మాట వద్దంది.

ఆ వాన రోజులన్నీ హాయిగా గడిచాయి. కాటా గదిలో సాయంత్రం దీపం వెలగడం నా కిటికీలోంచి చూసి నేను చాప పరుచుకునేదాన్ని. గది కోసం ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒకాయనకి కల రాలేదని పంపించేశాడు. ఇంకొకరు గురక పెడుతున్నారు, గోడలు పల్చన, హోటలుకి వచ్చేవాళ్ళు జడుసుకుంటారని పంపించేశాడు. పోలమ్మా నేనూ ఒకరినొకరు చూసుకుని తృప్తి పడేవాళ్ళం.

తరువాత ఒక గురువారం నేను స్కూలు నుంచి వచ్చేసరికి కాటా గది ముందు ఆయన నిలబడి ఉన్నాడు. "బేగి రండమ్మా, మీకోసమే ఆగినాం. పెద్దమనిషి ఒకలుండాల కదా," అన్నాడు. లోపల పొయ్యి మీద పాలగిన్నె. దాని ముందు ఐస్‌క్రీములవాళ్ళ వంటింట్లో గిన్నెలు కడిగే అమ్మాయి, చంకలో పాప. ఆ అమ్మాయి పేరు సింహాచలం. ఆమదాలవలస అవతల ఏదో పల్లె నుంచి మొదటి బస్సుకి వచ్చి ఆఖరి బస్సుకి వెళ్ళేది. పోలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతులకి పొలుసులు అలాగే ఉన్నాయి.

"రెండుగంటలు తొంగున్నాది," అన్నాడు ఆయన నాతో, గొంతు తగ్గించి. "సంకలో గుంట కూడా కదల్నేదు. కిటికీలోంచి మొకం మీద ఎండ పడతన్నా కదల్నేదు. కల ఏటి వచ్చినాదమ్మా అంటే ఏటీ రాలేదు బాబు అన్నాది. అంత నిద్ర ఈ ఈదిలో ఎవలికీ పట్టనేదు. ఈ గది ఆల్దే."

నేను ఏమనాలి? ఇది మేం మీకోసం ఉంచిన గది అనాలా, సింహాచలం ఎదురుగా, ఆ పాప ఎదురుగా? పాలు పొంగాయి. గిన్నె అంచు మీదుగా కారి పొయ్యి మీద చుర్రుమన్నాయి. ఆయన నూలుతాడు విప్పి, ఆఖరి తాళంచెవి తీసి సింహాచలం చేతిలో పెట్టాడు. ఉత్త తాడుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తరువాత గుమ్మం దాటి బయటకి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. పక్కన కూర్చుని, నెమ్మదిగా అడగాలనుకుని గట్టిగానే అడిగాను. "ఇప్పుడు మీరెక్కడ పడుకుంటారు?"

"కోప్పడకండి టీచరుగారూ."

"ఆ గది ఎందుకు ఖాళీగా ఉందో మీకు తెలుసా?"

"తెల్సు," అన్నాడు. "మొదట్నించీ తెల్సు. కాళీ గదికి ఒక వాసనుంటాది. అందులో తొంగుంటే ఆ వాసన లేదు. ఎవలో కిరాయి కడతన్నారు. ఎవలు కడతారు, మీరిద్దరే కదా. ఇన్నాళ్ళూ నాకు అందులో సరిగ్గా నిద్ర పట్టనేదమ్మా. మీ మనసు కష్టపెట్టకూడదని తొంగున్నాను." కళ్ళు మూసుకుని నవ్వాడు. "కిరాయి కడతన్న గదిని ఊరికే ఉంచకూడదు. నిద్ర నేని మనిషి ఎవలైనా వస్తే బాగుణ్ణని సూస్తన్నాను. వచ్చినాది."

నాకు ఏడుపు వచ్చింది. దాన్ని ఆయన చూడనట్టు కొంగల బొమ్మ వైపు తిరిగాడు.

మర్నాడు ఉదయమే ఆయన బయలుదేరాడు. ఆమదాలవలసలో స్టేషను వెనకాల చాలా ఇళ్ళు ఖాళీగా ఉన్నాయని సింహాచలమే మాటల్లో చెప్పిందట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. "ఒక వరస వరసంతా తాళాలేనంట," అన్నాడు, పెళ్ళిభోజనం గురించి చెప్పినట్టు. పోలమ్మ చేపల పులుసు డబ్బాలో పోసి ఇచ్చింది, ఒక కాగితం మీద హోటలు ఫోను నంబరు రాసి జేబులో పెట్టింది. గొడుగు చంకలో పెట్టుకుని, వీధిలో ప్రతి ఇంటి ముందూ కాసేపు ఆగుతూ వెళ్ళాడు. తలుపులేవీ తట్టలేదు.

ఆయనకి పెళ్ళయిందో లేదో నాకు తెలియదు. ఊరేదో, అన్నదమ్ములున్నారో లేదో తెలియదు. అడగాల్సిందని ఇప్పుడనిపిస్తుంది. ఏ ఇంట్లో ఏ కల వస్తుందో అడగడానికే సరిపోయింది నాకు. అప్పుడప్పుడు సింహాచలం తమ ఊరు వెళ్ళి వస్తూ కబురు తెచ్చేది. బాగున్నాడు, గుత్తి మళ్ళీ నిండింది, ఒక ఇంట్లో పడుకుంటే రైలు కల కాదు, వింతగా పడవ కల వస్తోందని టీచరుగారికి చెప్పమన్నాడు. నేను పడవ బొమ్మ వేశాను. చూపించడానికి వెళ్ళాలనుకుంటూనే ఏడాది గడిపాను.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం పోలమ్మ హోటలుకి ఫోను వచ్చింది. పోలమ్మ, నేను, సింహాచలం ఆటోలో వెళ్ళాం. స్టేషను వెనకాల వీధి చివర, ఎవరి ఇల్లూ లేని ఖాళీ జాగాలో, తుమ్మచెట్టు నీడన ఆయన్ని పడుకోబెట్టి ఉంచారు. ఎవరో చీర కప్పారు. ఆ వరసలోనే ఉన్న ఒక ముసలామె ఏం జరిగిందో మాకు చెప్పింది.

"ఆ మూడో ఇంట్లో తొంగున్నాడమ్మా. ఉన్నట్టుండి గుండె పట్టుకుని బైటికొచ్చినాడు. వచ్చినోడు మళ్ళీ తలుపేసి, తాళం పెట్టి, లాగి సూసినాడు. నాను సూస్తనే ఉన్నాను. అరుగు మీద తొంగో బాబూ, నీళ్ళు తెస్తాను అన్నాను. ఇన్నేదు. ఇక్కడ నాకేటైనా అయితే ఈ ఇంటికి ఇంకెవలూ రారమ్మా, అన్నాడు. గోడ పట్టుకుని, గోడ పట్టుకుని, ఇక్కడిదాకా వచ్చినాడు."

ఆ మూడో ఇంటి నుంచి తుమ్మచెట్టు దాకా నేను నడిచి చూశాను. ఆరోగ్యంగా ఉన్నదాన్ని, నాకే దూరమనిపించింది. మధ్యలో పదకొండు అరుగులున్నాయి. అద్దె ఇంట్లో చావు జరిగితే ఆ ఇంటిని నెలలకి నెలలు ఎవరూ తీసుకోరు, యజమానులు ఒప్పుకోరు, అందరికీ తెలిసిన సంగతే. దానికోసం ఒక మనిషి ఆ అరుగులన్నీ వదిలిపెట్టి నడవాలా? ఆ ఇంటి యజమాని కూడా వచ్చాడు. "మంచోడమ్మా. ఇంటికి దోసం రానివ్వలేదు," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. అతన్ని కొట్టాలనిపించింది నాకు.

ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియలేదు. తీసుకెళ్ళడానికి ఆయనకి గుమ్మం లేదు. సూర్యుడు దిగేలోపు కానిచ్చేయండి, ఇక్కడి నుంచి ఇక్కడే అని ఎవరో అన్నారు. పోలమ్మ ఒప్పుకోలేదు. ఒక్కసారైనా ఆయన్ని మా వీధికి తీసుకెళ్ళాలంది, ఆటో వెనక సీటు తీయించింది. మా వీధికి చేరేసరికి కాఫీల దగ్గర సాయంత్రం జనం వస్తున్నారు. ఆటో మిల్లు ముందు ఆగింది. దిగి, ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. మా ఇల్లు అద్దె ఇల్లు, పోలమ్మ హోటలు అద్దెది. ఆ వీధిలో అద్దెది కానిదంటూ ఏదీ లేదు, గోడల మీది బొమ్మలు కూడా ఒకళ్ళ గోడల మీదివే. ఆటో పక్కన, రోడ్డు మీదే చాప వేద్దామని నేనే అన్నాను. అని సిగ్గుపడ్డాను.

సింహాచలం అప్పటికే కాటా గది తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచింది. పొయ్యి పక్కకి జరిపి, పాప బట్టలు దండెం మీద నుంచి తీసేసి, గది మధ్యలో చాప పరిచింది.

"లోనికి తెండి," అంది.

"ఓలమ్మ, ఆలోసించు," అంది పోలమ్మ. "ఓనరుకి తెలిస్తే రేపే కాళీ సెయ్యమంటాడు."

"సెయ్యమంటే సేస్తాను," అంది సింహాచలం. "కాళీ అయితే మావకి మంచిదే కదా."

కాఫీ అబ్బాయి వచ్చి ఒక చెయ్యి వేశాడు. గుమ్మం దగ్గర తల తగలకుండా వంచి, ఆయన్ని లోపలికి తీసుకువెళ్ళాం.